నెల రోజుల్లో రివ్యూ ఇవ్వాలంటే ఎక్కడ కోత పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు చెప్తాను, తేడా ఉంటే దిద్దండి. మీరు తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఫార్మకాలజీ పీజీ. కాన్పు తర్వాత రక్తస్రావం రాకుండా ఇచ్చే, ఫ్రిజ్‌లో దాచాల్సిన ఆక్సిటోసిన్ బదులు, వేడికి తట్టుకునే కార్బెటోసిన్ కొనాలా వద్దా అన్నది మీ మందుల కమిటీ వచ్చే నెల తేల్చాలి. ఆధారాలన్నీ చూసి నాలుగు వారాల్లో రివ్యూ ఇవ్వమని ఆ పని మీ మీద పెట్టారు. చేసేది మీరు, మీతో ఒక జూనియర్. సిస్టమాటిక్ రివ్యూకి, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన స్టడీలన్నీ ఒక పద్ధతిలో వెతికి బేరీజు వేయడానికి, ఏడాది పైనే పడుతుందని విన్నారు, అందుకే టెన్షన్.

విన్నది నిజమే. రివ్యూలను ముందే నమోదు చేసుకునే ప్రాస్పెరో అనే రిజిస్ట్రీ నుంచి 195 రివ్యూలు తీసుకుని లెక్కేసిన స్టడీ ఒకటి 2017లో వచ్చింది. నమోదు దగ్గర్నుంచి ప్రచురణ దాకా సగటున 67 వారాలు. కానీ ఆ 67 వారాలూ ఎవరో కూర్చుని చదువుతూనే ఉన్నారనుకోకండి. నేను పద్నాలుగేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, మొదట మెడికల్ కాలేజీ లైబ్రరీలో, తర్వాత కమిటీలకు రివ్యూలు రాసివ్వడంలో. నా అనుభవంలో చదవడానికి పట్టే టైమ్ కంటే, ప్రశ్న సరిగ్గా తేలకపోవడం వల్ల చేసిన పనే మళ్ళీ చేయడానికి, మీటింగ్ కోసం, ఎవరో పంపాల్సిన ఫుల్ టెక్స్ట్ కోసం ఎదురుచూడటానికి పోయే టైమే ఎక్కువ. ముందు కోత పెట్టాల్సింది అక్కడ. చదివే కళ్ళకు కాదు.

అందుకని మొదటి మూడు నాలుగు రోజులు వైద్య కాగితాలు వెతికే పబ్‌మెడ్ తెరవొద్దు. కమిటీలో ఈ నిర్ణయం నిజంగా ఎవరి చేతిలో ఉందో కనుక్కుని వాళ్ళ ఎదురుగా కూర్చోండి. గైనకాలజీ హెడ్, స్టోర్స్ చూసే ఫార్మసిస్ట్, లేబర్ రూమ్ ఇన్‌చార్జి సిస్టర్, ఈ ముగ్గురూ తప్పనిసరి. అడగాల్సింది ఒక్కటే: "ఈ రివ్యూలో ఏ సమాధానం వస్తే మీరు కొంటారు, ఏది వస్తే కొనరు?" ఈ ప్రశ్నకు వాళ్ళు తడుముకుంటే అది మంచిదే, అక్కడే సగం పని తేలుతుంది. నార్మల్ డెలివరీలా, సిజేరియన్లు కూడానా? నివారణకా, రక్తస్రావం మొదలయ్యాక వైద్యానికా? పోలిక ఆక్సిటోసిన్‌తోనేనా, మిసోప్రోస్టాల్‌తో కూడానా? ఒక్కొక్కటి తేల్చుకుంటూ పోతే ఎనిమిది వందల అబ్‌స్ట్రాక్టులు (కాగితాల ముందుండే సారాంశాలు) చదవాల్సిన చోట రెండు వందలతో సరిపోవచ్చు. తేలిందంతా రెండు పేజీల ప్రోటోకాల్‌గా రాసి వాళ్ళ సంతకం తీసుకోండి. మూడో వారంలో ఎవరో వచ్చి "పనిలో పనిగా అదీ చూసేయండి" అంటారు, అప్పుడు ఆ రెండు పేజీలే మిమ్మల్ని కాపాడతాయి.

ప్రశ్న కుదించమన్నాను కదా అని ఎలా పడితే అలా కుదించేస్తే మొదటికే మోసం వస్తుంది. ఇది నేను చేసిన తప్పు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కొన్నేళ్ళ కింద ఒక ఆసుపత్రి ఐసీయూ వాళ్ళు వెంటిలేటర్ మీదున్న పేషెంట్లకు క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు శుభ్రం చేయడం గురించి మూడు వారాల్లో రివ్యూ అడిగారు. టైమ్ తక్కువ కదా అని ఒకే ఫలితం పెట్టుకున్నాను, న్యుమోనియా తగ్గిందా లేదా అని. తగ్గుతుందని చాలా ట్రయల్స్ చెప్పాయి, నేనూ అదే రాశాను. మీటింగ్‌లో ఒక సీనియర్ అనస్థటిస్ట్ నా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మరణాల కాలమ్ ఏదమ్మా?" అన్నారు. లేదు. నేను చూడలేదు. 2014లోనే ఒక మెటా అనాలిసిస్ (చాలా ట్రయల్స్ సంఖ్యలు కలిపి లెక్కేసిన స్టడీ), గుండె ఆపరేషన్లు కాని పేషెంట్లలో, డబుల్ బ్లైండ్ ట్రయల్స్ (ఎవరికి ఏది ఇచ్చారో పేషెంటుకూ డాక్టరుకూ తెలియనివి) మాత్రమే తీసుకుంటే న్యుమోనియా స్పష్టంగా తగ్గినట్టు కనపడలేదనీ, పైగా మరణాలు పెరిగే అవకాశం ఉందనీ హెచ్చరించింది. నేను చదివిన కాగితాల్లోనే ఆ సంఖ్యలున్నాయి, టేబుళ్ళలో కింది వరసలో. ఫలితాలు కుదించడమంటే నాకు సులువుగా దొరికేవి ఉంచుకోవడమని అనుకున్నాను, తప్పు అక్కడే జరిగింది. అప్పట్నుంచి ఎంత తొందరున్నా రెండు ఫలితాలు మాత్రం తీసేయను: మరణం, హాని. మీ విషయంలో ఆ వరసలో తీవ్ర రక్తస్రావం, రక్తం ఎక్కించాల్సి రావడం, దుష్ప్రభావాలు ఉండాలి.

ప్రశ్న తేలాక చాలామంది వెంటనే ట్రయల్స్ వేటలో పడతారు. ఆగండి. ఈ పని ఇప్పటికే ఎవరైనా చేశారేమో చూడండి. మీ ప్రశ్నకు చేశారు కూడా. కాన్పు తర్వాత రక్తస్రావం నివారించే మందులన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చిన నెట్‌వర్క్ మెటా అనాలిసిస్ ఒకటి, ఇలాంటి రివ్యూలు చేసే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థది, 2018లో వచ్చింది, అందులో 196 ట్రయల్స్, 1,35,559 మంది మహిళలు. ఆక్సిటోసిన్ ఒక్కటే ఇవ్వడం కంటే మెరుగ్గా పనిచేసే అవకాశమున్న వాటిలో కార్బెటోసిన్ ఒకటని అది చెప్పింది. దాని తర్వాత వెర్షన్ వచ్చి ఉంటే ఆ పేజీలోనే లింకు ఉంటుంది, తప్పకుండా చూసుకోండి. దొరికిన రివ్యూ నమ్మదగినదో కాదో ఆమ్‌స్టార్ 2 అనే 16 ప్రశ్నల చెక్‌లిస్టుతో ఒక పూటలో తేల్చుకోవచ్చు. బాగుంటే దాన్నే పునాదిగా పెట్టుకుని, అది వెతకడం ఆపిన తేదీ తర్వాత వచ్చినవి మాత్రం మీరు వెతకండి. ఏడాది పని వారంలోకి వచ్చేది ఈ ఒక్క మెట్టు దగ్గరే. అన్నీ మళ్ళీ మొదట్నుంచి చేయకపోతే అది సొంత రివ్యూ ఎలా అవుతుందని మీ గైడ్ అడగొచ్చు. థీసిస్‌కైతే ఆ మాట సరే, కమిటీకి కావాల్సింది మాత్రం సరైన సమాధానం.

అయినా, రివ్యూ దొరికింది కదా అని సారాంశం చదివి వదిలేయకండి. అందులో పెద్ద ట్రయల్‌ని మాత్రం మొదట్నుంచి చివరిదాకా మీరే చదవాలి. మీ ప్రశ్నకు అది ఛాంపియన్ ట్రయల్, 2018, మన దేశంతో కలిపి పది దేశాలు, 29,645 మంది. 500 మిల్లీలీటర్లు లేదా అంతకంటే ఎక్కువ రక్తం పోవడమో, అదనంగా మరో మందు ఇవ్వాల్సి రావడమో కార్బెటోసిన్ గుంపులో 14.5 శాతం, ఆక్సిటోసిన్ గుంపులో 14.4 శాతం. అంటే ఇదేమీ తీసిపోలేదు. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. రెండో ముఖ్య ఫలితం 1000 మిల్లీలీటర్లు లేదా అంతకంటే ఎక్కువ రక్తస్రావం, అక్కడ మాత్రం తీసిపోలేదని నిరూపణ కాలేదు, ఎందుకంటే అంత తీవ్రమైన కేసులు తక్కువగా వచ్చాయి. ఇంకా ముఖ్యమైన మాట మెథడ్స్‌లో ఉంటుంది. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో తెలియకూడదని ఆ ట్రయల్‌లో రెండు మందులనూ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచారు. అంటే అక్కడ కార్బెటోసిన్‌ని పోల్చింది చెడిపోకుండా చక్కగా దాచిన ఆక్సిటోసిన్‌తో. మీ కమిటీ అడుగుతున్నది వేరే ప్రశ్న, ఫ్రిజ్ సరిగ్గా నడవని చోట ఏ మందు మేలని. ఈ తేడా మీ రివ్యూ మొదటి పేజీలో ఉండాలి, ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని మీకు పట్టివ్వదు.

మరో రెండు సంగతులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల్లో నివారణకు మొదటి ఎంపిక ఆక్సిటోసినే, ఖర్చు ఇతర మందులతో సమానంగా ఉన్న చోట కార్బెటోసిన్ వాడొచ్చని చెప్పింది. పైగా ఆ సిఫారసు నివారణకే. నొప్పులు తెప్పించడానికి ఆక్సిటోసిన్ ఎలాగూ కావాలి కాబట్టి, కార్బెటోసిన్ కొంటే ఫ్రిజ్ అక్కర్లేదని ఎవరైనా అంటే ఆ మాట నిలవదు.

ఇక వెతకడం. అన్ని డేటాబేసుల్లోనూ దూరిపోయి నాలుగు వేల టైటిల్స్ దించుకోవడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. మీకు పబ్‌మెడ్, కోక్రేన్ వాళ్ళ ట్రయల్స్ జాబితా సెంట్రల్ రిజిస్టర్ సరిపోతాయి. ఎంబేస్ అనే ఇంకో డేటాబేస్‌కి డబ్బు కట్టాలి, చాలా కాలేజీల్లో ఉండదు, దిగులుపడకండి, ఎంబేస్‌లోని ట్రయల్స్‌ని ఏరి సెంట్రల్‌లో చేరుస్తారు. దానికి తోడు మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐ చూడండి, 2009 జూన్ నుంచి ఇక్కడ జరిగే ట్రయల్స్ అందులో నమోదు కావాల్సిందే, పూర్తయినా ప్రచురించనివి అక్కడ బయటపడతాయి. సెర్చ్ స్ట్రాటజీ రాసేటప్పుడు మాత్రం మీ లైబ్రేరియన్‌తో ఒక గంట కూర్చోండి. ఆ ఒక్క గంట తర్వాత మీకు రెండు రోజులు మిగులుస్తుంది, లైబ్రరీలో పనిచేసి చెప్తున్న మాట ఇది. ఫుల్ టెక్స్ట్‌లకు, మీది ప్రభుత్వ విద్యాసంస్థ అయితే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 2025 జనవరి నుంచి దాదాపు 13,000 జర్నల్స్ అందుతున్నాయి. దొరకనివాటికి రచయితకు మొదటి రోజే మెయిల్ పెట్టండి, చివరి వారంలో పెడితే జవాబు మీటింగ్ అయిపోయాక వస్తుంది. వేలూరు మనకు దగ్గరే, అక్కడి సీఎంసీలో కోక్రేన్ పని ఎన్నో ఏళ్ళుగా నడిచింది. వర్క్‌షాప్ ఏదైనా ఉంటే మీ జూనియర్‌ని పంపండి.

స్క్రీనింగ్ దగ్గరికి, అంటే దొరికినవాటిలో పనికొచ్చేవి ఏరడం దగ్గరికి వద్దాం, ఎందుకంటే అందరూ కత్తిరించేది ఇక్కడే, నేను ఒప్పుకోనిదీ ఇక్కడే. ఒక్కరే చదివేస్తే టైమ్ సగమవుతుంది కదా అంటారు. 2020లో ఇదే విషయం మీద ట్రయల్ చేసి చూశారు, ఒక్కరే అబ్‌స్ట్రాక్టులు చూస్తే అవసరమైన స్టడీల్లో 13 శాతం జారిపోయాయి, ఇద్దరు చూస్తే 3 శాతం. మీ ప్రశ్నకు పనికొచ్చేవి పదిహేను స్టడీలే ఉంటే అందులో రెండు పోయినట్టు. ఆ రెండూ చిన్నవైతే పర్వాలేదు, పెద్దదొకటి పోతే మీ సమాధానమే తిరగబడొచ్చు. కోక్రేన్ ర్యాపిడ్ రివ్యూ బృందం 2020లో ఒక మధ్యేమార్గం చెప్పింది. కనీసం 20 శాతం అబ్‌స్ట్రాక్టులు ఇద్దరూ విడివిడిగా చూసి తేడాలు పరిష్కరించుకోండి, మిగతావి ఒకరు చూడండి, కానీ ఆ ఒకరు పక్కన పడేసినవన్నీ రెండో మనిషి మళ్ళీ చూడాలి. తీసుకున్నవాటిని కాదు, పడేసినవాటిని. తప్పుగా తీసుకున్నది ఫుల్ టెక్స్ట్ దగ్గర ఎలాగూ బయటపడుతుంది, తప్పుగా పడేసింది ఇక ఎప్పటికీ కనపడదు. నాలుగు వారాలే ఉన్నా, రెండే ఉన్నా, ఈ ఒక్కటి మాత్రం వదలకండి.

మొదలుపెట్టే ముందు ఒక 50 అబ్‌స్ట్రాక్టులు మీరూ మీ జూనియరూ ఒకరిదొకరికి కనపడకుండా చూడండి, రయాన్ అనే స్క్రీనింగ్ టూల్‌లో బ్లైండ్ ఆన్ చేస్తే చాలు. తర్వాత పక్కపక్కన కూర్చుని తేడాలు వచ్చినవి ఒక్కొక్కటే తెరవండి. నా అనుభవంలో పది దాకా తేడాలొస్తాయి, అందులో చదవడంలో పొరపాటు ఒకటో రెండో, మిగతావి రూలు సరిగ్గా రాసుకోకపోవడం వల్ల వచ్చినవే. "మామూలు కార్బెటోసిన్, వేడికి తట్టుకునే కార్బెటోసిన్ ఒకటేనా?" అన్నది మీకు అక్కడే ఎదురవుతుంది చూడండి. మొదటి రోజే దానికి సమాధానం రాసిపెట్టుకుంటే మూడో వారంలో తల పట్టుకోనక్కర్లేదు. ఇంకోటి, రాత్రి పది దాటాక స్క్రీనింగ్ చేయొద్దు. రెండు వందలో టైటిల్ దగ్గర కళ్ళు చదువుతుంటాయి, మనసు చదవదు. ఒక్కసారి కూర్చుంటే గంట, తర్వాత లేవండి.

సాఫ్ట్‌వేర్ల గురించి అడిగారు. రయాన్‌తో పాటు ఏఎస్‌రివ్యూ అని నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఉచిత టూల్ ఉంది, మీరు అవును కాదు అని నొక్కుతున్న కొద్దీ పనికొచ్చేవాటిని ముందుకు తెస్తుంది. వేల సంఖ్యలో ఉన్నప్పుడు బాగా కలిసొస్తుంది. మీకు రెండు మూడు వందలే వస్తే చేత్తో చేసుకోవడమే నయం. చాట్‌బాట్‌ని మాత్రం రెఫరెన్సులు అడగకండి. ఒక జూనియర్ నా దగ్గరికి పన్నెండు కాగితాల జాబితా తెచ్చాడు, జర్నల్ పేరు సరిగ్గానే ఉంది, సంవత్సరం నమ్మేలా ఉంది, వెతికితే అందులో నాలుగు ఈ భూమ్మీదే లేవు. మీరు చదివేసిన కాగితంలోంచి సంఖ్యలు టేబుల్‌లోకి ఎక్కించడానికి వాడుకోవచ్చు, అదీ మీరు ఒక్కో సంఖ్యా అసలు పేజీతో సరిచూస్తానంటేనే.

డేటా తీయడం, బయాస్ అంచనా (ట్రయల్ జరిగిన తీరు ఫలితాన్ని ఒకవైపు ఒరిగించిందేమో చూడటం) ఒకరు చేసి ఇంకొకరు సరిచూస్తే చాలు. గ్రేడ్ మాత్రం, అంటే ఈ ఆధారాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పడం, ముఖ్యమైన మూడు ఫలితాలకైనా చేయండి. "తగ్గుతుంది" అనడానికీ "తగ్గొచ్చు, కానీ నమ్మకం తక్కువ" అనడానికీ మధ్య కొనుగోలు ఆర్డరే మారిపోతుంది.

ఇంత తొందర ఎందుకని ఎవరైనా అడిగితే నాకు 2021 మే గుర్తొస్తుంది. కోవిడ్ సెకండ్ వేవ్‌లో ఇక్కడ ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ "బీ పాజిటివ్ ప్లాస్మా అర్జెంట్" అని మెసేజ్‌లు. పేషెంట్ పక్కన ఉండాల్సిన కొడుకులు, అల్లుళ్ళు దాతల కోసం ఊరంతా తిరిగారు. కోలుకున్నవాళ్ళ ప్లాస్మా ఎక్కించడం వల్ల మరణాలు తగ్గలేదని మన ఐసీఎమ్ఆరే, 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద చేసిన ప్లాసిడ్ ట్రయల్‌లో చూపించింది, అది 2020 అక్టోబర్‌లో ప్రచురితమైంది. జాతీయ మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాని తీసేసింది 2021 మే మధ్యలో. ఆ ఏడు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. అలాగని ఎలాగోలా వేగంగా చేసేయడం కూడా పరిష్కారం కాదు. 2020 మేలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్‌లో వచ్చిన పెద్ద పేపర్‌ని నమ్మి ట్రయల్స్ ఆపేశారు, రెండు వారాలు తిరక్కుండానే, దాని వెనకున్న డేటాని ఎవరికీ చూపించలేకపోవడంతో ఆ పేపర్‌నే వెనక్కి తీసుకున్నారు.

రాయడం దగ్గర ఒక కొలత చెప్తాను, కెనడా వాళ్ళది, నాకు బాగా పనికొచ్చింది. ముందు ఒక్క పేజీలో ముఖ్య విషయాలు, తర్వాత మూడు పేజీల్లో సారాంశం, ఆ తర్వాత ఇరవై ఐదు పేజీలకు మించని రిపోర్టు. కమిటీలో సగం మంది మొదటి పేజీయే చదువుతారు, కాబట్టి మీరు పెట్టిన కోతలన్నీ ఆ పేజీలోనే రాయండి. "ఎంబేస్ చూడలేదు, ఇంగ్లీషు కాగితాలే చదివాం, డేటా ఒకరు తీసి ఒకరు సరిచూశారు" అని మామూలు మాటల్లో. దాచిపెట్టి తర్వాత దొరికిపోతే మీ రివ్యూ మొత్తం మీదే నమ్మకం పోతుంది.

చివరగా, మీ ప్రశ్నకు సగం సమాధానం ఏ జర్నల్‌లోనూ దొరకదు. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఒక పీహెచ్‌సీకి ఇలాంటి పని మీదే వెళ్ళినప్పుడు అక్కడి సిస్టర్ ఒకామె అన్న మాట నా నోట్‌బుక్‌లో ఇంకా ఉంది. "కరెంటు పోతే పాలు ఇరిగిపోయింది కంటికి కనపడతాది మేడమ్, మందు చెడిపోయింది ఎట్లా కనపడతాది?" వ్యాక్సిన్లు పెట్టే ఐఎల్‌ఆర్ అనే ఫ్రిజ్‌కి రోజూ రెండు పూటలా ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఉంటుంది. మీ లేబర్ రూమ్ ఫ్రిజ్‌కి అలాంటిది ఉందా? వేడికి తట్టుకునే కార్బెటోసిన్ కూడా 30 డిగ్రీల లెక్కలో తట్టుకునేదే, మే నెలలో మన తిరుపతి 40 దాటుతుంది, మీ స్టోర్ గదిలో మధ్యాహ్నం మూడింటికి ఎంత ఉంటుందో ఎవరైనా కొలిచారా? సోమవారం ఒక థర్మామీటర్ తీసుకుని అక్కడికి వెళ్ళండి, ఆ పుస్తకం ఉంటే పోయిన మే నెల పేజీలు ఫొటో తీసుకోండి, లేకపోతే లేదని రాసుకోండి. తర్వాత మీ 50 అబ్‌స్ట్రాక్టుల్లో ఎక్కడ తేడాలొచ్చాయో ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.